క్రియాటినిన్ నార్మల్‌గా ఉంటే కిడ్నీలు బాగున్నట్టేనా?

షుగర్ ఉన్నవాళ్ల రక్తపరీక్ష రిపోర్టులో కింద ఎక్కడో ఒక వరస ఉంటుంది: సీరం క్రియాటినిన్ 1.1. పక్కనే నార్మల్ పరిధి వేసి ఉంటుంది. అంకె ఆ పరిధిలోనే ఉంది కాబట్టి ఎర్ర గుర్తేమీ ఉండదు. ‘హమ్మయ్య, కిడ్నీలు బాగానే ఉన్నాయి’ అనుకుని కాగితం మడిచి లోపల పెట్టేస్తారు. నాకు టెన్షన్ వచ్చేది సరిగ్గా అక్కడే.

ఆ 1.1నే ఇద్దరికి పెట్టి చూద్దాం. 25 ఏళ్ల కుర్రాడికి క్రియాటినిన్ 1.1 ఉంటే, 2021లో వచ్చిన లెక్క ప్రకారం అతని కిడ్నీలు నిమిషానికి దాదాపు 95 మిల్లీలీటర్లు వడకడుతున్నట్టు. అదే 1.1 ఒక 60 ఏళ్ల ఆవిడకు ఉంటే ఆ లెక్క 57 దగ్గర తేలుతుంది. ఈ వడపోత అంకెనే ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 60 కంటే తక్కువకు దిగి మూడు నెలలకు మించి అక్కడే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. అంటే ఒకే అంకె ఒకరికి ఆరోగ్యం, మరొకరికి జబ్బు కావచ్చు. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ తక్కువగా ఉన్నవాళ్లలో అది తయారయ్యేదే తక్కువ, అందుకే కిడ్నీ నీరసించినా రక్తంలో పెద్దగా పెరిగినట్టు కనిపించదు. పైగా వడపోత శక్తి సగం దాకా పోయేవరకూ అది నార్మల్ గీత దాటకపోవచ్చు.

ఆ రిపోర్టులో ఉండాల్సిన వరస ఇంకొకటి ఉంది. చాలాసార్లు అది ఉండదు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి, ల్యాబ్ వాళ్ల మాటలో ఏసీఆర్. దీన్ని కిడ్నీ పరీక్ష అంటాం గానీ, నా దృష్టిలో అది ఒంట్లో ఉన్న రక్తనాళాలన్నిటి తరఫునా చేసే పరీక్ష. ఎందుకంటున్నానో తెలియాలంటే కిడ్నీ లోపలికి ఒకసారి వెళ్లి రావాలి.

రక్తనాళాలతో అల్లిన జల్లెడ

రెండు కిడ్నీలూ కలిపినా ఒంటి బరువులో ఒక శాతం కూడా ఉండవు. అయినా గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటికే వెళ్తుంది. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లు అనే చిన్న వడపోత విభాగాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో దారం ఉండ చుట్టినట్టు సన్నటి రక్తనాళాల గుత్తి ఒకటి ఉంటుంది. దాని పేరు గ్లోమెరులస్. ఈ గుత్తులన్నీ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. దాని వెనకుండే సన్నటి గొట్టాలు అందులో 99 శాతాన్ని మళ్లీ రక్తంలోకి లాక్కుంటాయి. మనం మూత్రంగా విడిచేది ఆ మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లే.

గ్లోమెరులస్‌లో ఒక ప్రత్యేకత ఉంది. ఒంట్లో మిగతా చోట్ల ధమని సన్నబడి కేశనాళికలవుతుంది, అవి కలిసి సిర అవుతాయి. ఇక్కడ మాత్రం కేశనాళికలకు అటూ ఇటూ ధమనులే. రక్తాన్ని లోపలికి తెచ్చే గొట్టం ఒకటి, బయటికి తీసుకెళ్లే గొట్టం ఒకటి. రెండూ అవసరాన్ని బట్టి బిగుసుకోగలవు, వదులు కాగలవు. వీటి మధ్య ఒత్తిడి మామూలు కేశనాళికల్లో కంటే బాగా ఎక్కువ. ఆ ఒత్తిడి ఉంటేనే వడపోత జరుగుతుంది. ఈ రెండు గొట్టాల సంగతి గుర్తుంచుకోండి, మందుల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ వీటితోనే పని పడుతుంది.

వడపోత గోడలో మూడు పొరలుంటాయి. రక్తానికి తగిలే వైపు ఎండోథీలియం అనే పలచటి కణాల పొర. దాని నిండా సూక్ష్మమైన రంధ్రాలు, పైన జిగురు లాంటి ఒక పూత. దాని వెనక గట్టి పీచుతో చేసిన చాప లాంటి పొర. అవతలి వైపు పోడోసైట్లు. ఇవి పొడుగాటి పాదాలు చాచి, రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు నాళాన్ని చుట్టి పట్టుకుంటాయి. ఆ వేళ్ల సందుల్లోంచి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా వెళ్లిపోతాయి. అల్బుమిన్ లాంటి పెద్ద ప్రోటీన్ మాత్రం దాదాపుగా ఇవతలే ఆగిపోతుంది. రోజుకు 180 లీటర్లు వడకట్టినా, ఆరోగ్యంగా ఉన్న మనిషి మూత్రంలోకి వచ్చే అల్బుమిన్ 30 మిల్లీగ్రాములకు మించదు. ఒళ్లు పులకరించే పనితనం ఇది! కాకపోతే పోడోసైట్ ఒకసారి రాలిపోతే ఆ చోట కొత్తది పుట్టడం చాలా అరుదు.

చక్కెర గోడలకు ఏం చేస్తుంది

రక్తంలో చక్కెర పెరిగినప్పుడు ఒంట్లోని చాలా కణాలు తమ తలుపులు కొంత మూసుకుని కాపాడుకోగలవు. ఎండోథీలియం కణాలకు ఆ వెసులుబాటు పెద్దగా లేదు. బయట చక్కెర పెరిగితే లోపలా పెరుగుతుంది. ఆ భారంతో కణంలో హానికరమైన ఆక్సిజన్ పదార్థాలు పుట్టుకొస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. రక్తనాళాన్ని మెత్తగా, వదులుగా ఉంచేది ఈ వాయువే. దాని పాత్రను కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. అది తగ్గితే నాళం బిగుసుకుంటుంది, లోపలి జిగురు పూత పలచబడుతుంది, కొవ్వు, తెల్లకణాలు గోడకు అతుక్కోవడం మొదలవుతుంది.

దీనికి తోడు చక్కెర నేరుగా ప్రోటీన్లకు అంటుకుంటుంది. హెచ్‌బిఎ1సి పరీక్ష కొలిచేది అదే, ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది పోతే మరక కూడా పోతుంది. కానీ అదే చక్కెర రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్‌కూ అంటుకుంటుంది. కొల్లాజెన్ ఏళ్ల తరబడి ఉంటుంది, మరకా దానితోపాటే ఉండిపోతుంది. మూడు నెలల్లో హెచ్‌బిఎ1సి చక్కబడినా, పదేళ్ల కిందటి నిర్లక్ష్యం గోడల్లో ఇంకా కూర్చుని ఉండటానికి ఇదొక కారణం. 1993లో ఫలితాలు వచ్చిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనంలో టైప్ 1 షుగర్‌ను మొదట్లో గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లకు ఆ మేలు తర్వాత చాలా ఏళ్లపాటు నిలిచింది, ఆ తర్వాత వాళ్ల షుగర్ అంకెలూ, మామూలు వైద్యం పొందిన జట్టు అంకెలూ దాదాపు ఒకటే అయినా సరే. మొదటి ఏళ్లే ఎందుకంత విలువైనవో దీన్ని బట్టి అర్థమవుతుంది.

కిడ్నీ మోసపోయే తీరు

ఈ కథలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న భాగం ఇదే.

వడపోతలో చక్కెర కూడా రక్తంలోంచి బయటికి వచ్చేస్తుంది. మామూలు మనిషిలో రోజుకు దాదాపు 180 గ్రాములు. అంత ఇంధనాన్ని పారబోసుకోవడం ఒంటికి ఇష్టముండదు. అందుకే ఆ వెనకున్న గొట్టం మొదటి మలుపుల్లోనే ఎస్‌జీఎల్‌టీ2 అనే రవాణా ప్రోటీన్ అందులో దాదాపు 90 శాతాన్ని తిరిగి లాక్కుంటుంది. అయితే అది చక్కెరను ఒంటరిగా తేలేదు, ప్రతిసారీ సోడియాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. షుగర్ జబ్బులో చక్కెర ఎక్కువ కాబట్టి ఈ ప్రోటీన్ మరింత కష్టపడుతుంది. దాంతో సోడియం కూడా మరింతగా వెనక్కి వెళ్లిపోతుంది.

ఆ గొట్టం మెలికలు తిరిగి తిరిగి మళ్లీ తన గ్లోమెరులస్ పక్కకే వస్తుంది. అక్కడ ఒక కాపలా కణాల గుంపు ఉంటుంది. గొట్టంలో ఉప్పు ఎంత వస్తోందో చూసి, వడపోత ఎక్కువైందా తక్కువైందా తేల్చడం వాటి పని. ఇప్పుడు వాటి దగ్గరికి ఉప్పు తక్కువగా వస్తోంది. ‘అయ్యో, వడపోత సరిపోవడం లేదు, రక్తం ఇంకా రానివ్వండి’ అని అవి సంకేతం పంపుతాయి. లోపలికి తెచ్చే గొట్టం వదులవుతుంది. మరోపక్క యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ బయటికి వెళ్లే గొట్టాన్ని బిగిస్తుంది. వచ్చే దారి వెడల్పు, పోయే దారి ఇరుకు. మధ్యలో ఆ సున్నితమైన గుత్తి మీద ఒత్తిడి రాత్రీపగలూ, ఏళ్ల తరబడి.

ఈ దశలో రిపోర్టు ఎలా ఉంటుందో ఊహించండి. వడపోత మామూలు కంటే ఎక్కువ, కాబట్టి క్రియాటినిన్ ఇంకా తక్కువ. కాగితం మీద కిడ్నీ ఎన్నడూ లేనంత బాగుంటుంది, లోపల మాత్రం తాడు తెగేదాకా లాగుతున్నారు. ఒత్తిడికి పోడోసైట్లు పట్టు సడలి ఒకటొకటిగా రాలిపోతాయి. మధ్య పొర దళసరి అవుతుంది. గుత్తి నడుమ గట్టి పదార్థం పేరుకుని, కొందరిలో గుండ్రటి ముద్దలు కడుతుంది. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు వైద్యులు సూక్ష్మదర్శిని కింద చూసి వర్ణించినవి ఆ ముద్దలే. ఇలా కొన్ని గుత్తులు మూతబడతాయి. మిగిలినవి వాటి పని కూడా నెత్తిన వేసుకుంటాయి. వాటి మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. షుగర్ తగ్గించినా జబ్బు తన దారిన తాను ముందుకు పోగలగడానికి ఇదే మూలం.

అల్బుమిన్ ఎవరి సంగతి చెబుతోంది

జల్లెడ వదులైనప్పుడు మొదట జారేది అల్బుమిన్. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే హెచ్చరిక. 300 దాటితే నష్టం బాగా జరిగినట్టు. మూత్రంలో నురగ చూసి కనిపెడదాం అనుకుంటే అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది, ఎందుకంటే నురగ ప్రోటీన్ బాగా ఎక్కువగా పోయేటప్పుడే వస్తుంది. మూత్రంలో ముంచి రంగు చూసే మామూలు పట్టీ పరీక్ష కూడా తొలిదశను చాలావరకు పట్టుకోలేదు. ఏసీఆరే చేయించాలి.

1989లో డెన్మార్క్‌లోని స్టెనో అనే షుగర్ వైద్య కేంద్రానికి చెందిన డెకర్ట్, ఆయన సహచరులు ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. మూత్రంలో అల్బుమిన్ పోతోందంటే కారుతున్నది కిడ్నీ ఒక్కటే కాదని, ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటోందని. కిడ్నీలో అది కారితే సీసాలో పట్టి కొలవగలం. గుండె గోడలోనో మెదడులోనో కారితే కొలిచే సీసా లేదు. ఆ తర్వాత వచ్చిన పరిశీలనలు దీనికి బలం ఇస్తూనే వచ్చాయి. ఏసీఆర్ పెరిగేకొద్దీ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. అది 30 దగ్గర ఒక్కసారిగా మొదలవదు, ఆ గీతకు లోపలే కొద్దికొద్దిగా ఎక్కుతూ వస్తుంది. షుగర్ వల్ల కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లేవాళ్ల కంటే అంతకు ముందే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయేవాళ్లే ఎక్కువ. ‘డయాలసిస్ వస్తుందేమో’ అని భయపడేవాళ్లను చూశాను గానీ, ఏసీఆర్ చూసి గుండె సంగతి అడిగేవాళ్లు చాలా అరుదు.

కంటి వెనక రెటీనాలోనూ ఇంత సన్నటి నాళాలే ఉంటాయి. అందుకే మూత్రం ఏసీఆర్, కంటి రెటీనా పరీక్ష, ఈ రెండూ జంటగా ఏడాదికోసారి జరగాలి. టైప్ 2 వాళ్లకు షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచే, ఎందుకంటే అది బయటపడేసరికే లోపల ఏళ్లు గడిచి ఉండవచ్చు. టైప్ 1 వాళ్లకు ఐదేళ్ల తర్వాత నుంచి. కిడ్నీ బాగా దెబ్బతిని కళ్లు మాత్రం శుభ్రంగా ఉంటే, అది షుగర్ వల్ల కాక మరో కిడ్నీ జబ్బేమో అని కూడా డాక్టర్లు ఆలోచిస్తారు.

ఒక జాగ్రత్త. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు చేసిన గట్టి వ్యాయామం, నెలసరి, బాగా పెరిగిన బీపీ, ఇవన్నీ ఆ అంకెను తాత్కాలికంగా పెంచుతాయి. ఒక్కసారి 45 వచ్చిందని కుంగిపోనక్కర్లేదు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చూస్తే రెండుసార్లైనా ఎక్కువ ఉంటేనే నిజంగా పెరిగినట్టు లెక్క. పొద్దున లేవగానే పట్టిన మూత్రమైతే మరీ మంచిది. ఇంకో మాట, కొందరిలో అల్బుమిన్ పోకుండానే వడపోత తగ్గుతుంది. కాబట్టి ఏసీఆర్, ఈజీఎఫ్ఆర్ రెండూ పక్కపక్కన చూడాల్సిందే.

పెద్ద నాళాల నుంచి తిరిగి కిడ్నీకి

ఇంతవరకు సన్నటి నాళాల గొడవ. పెద్ద ధమనులు వేరే కథ అనిపిస్తుంది గానీ కాదు. గుండె నుంచి బయల్దేరే మహాధమని మెత్తగా ఉంటే ప్రతి స్పందనా దాని సాగుదలలో సర్దుకుంటుంది. గట్టిపడితే ఆ దెబ్బ నేరుగా చిన్న నాళాల దాకా వెళ్లి తగులుతుంది. కిడ్నీకి ఎప్పుడూ రక్తం ధారాళంగా పారుతూ ఉండాలి, దారిలో అడ్డు తక్కువ. అందుకే ఆ తాకిడి గ్లోమెరులస్ మీద బలంగా పడుతుంది.

ఇటు కిడ్నీ చెడితే ఫాస్ఫేట్ బయటికి పోదు, విటమిన్ డి చురుకైన రూపంలోకి మారదు. ధమని గోడ మధ్య పొరలో కాల్షియం పేరుకుంటుంది. పూడిక లేకపోయినా నాళం పైపులా బిగుసుకుపోతుంది. దీనివల్ల పాదాల దగ్గర ఒక తికమక వస్తుంది. కాలి బీపీని చేతి బీపీతో పోల్చి కాళ్లకు రక్తం సరిగా వెళ్తోందో లేదో చూస్తారు. బిగుసుకుపోయిన ధమనిని పట్టీ నొక్కలేదు కాబట్టి బీపీ ఎక్కువగా చూపిస్తుంది, రక్తం బాగా వెళ్తున్నట్టు భ్రమ కలుగుతుంది. పుండు మానని వ్యక్తిలో అలాంటి ‘మంచి’ అంకె కనిపిస్తే కాలివేలి దగ్గర ఒత్తిడి కొలిపించుకోవాలి. అక్కడి సన్నటి ధమనులు ఇలా గట్టిపడటం తక్కువ.

షుగర్ తనంతట తాను తగ్గితే

పదిహేనేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్న ఒక పెద్దాయనను ఊహించుకోండి. ఆర్నెల్లుగా షుగర్ భలే అదుపులో ఉంది. డోసు తగ్గించినా సరిపోతోంది. ఒకట్రెండుసార్లు తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి లేచారు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, జబ్బు నయమవుతోందని. నిజానికి ఇన్సులిన్‌ను విరిచి బయటికి పంపే పనిలో కిడ్నీకి పెద్ద వాటా ఉంది. కిడ్నీ నీరసిస్తే వేసిన ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. కిడ్నీ ద్వారా పోయే కొన్ని షుగర్ మాత్రలూ అంతే. కారణం లేకుండా షుగర్ డౌన్ అవుతుంటే ఆ వారమే ఈజీఎఫ్ఆర్ చూపించుకోవాలి. కిడ్నీ జబ్బు ముదిరి రక్తహీనత వచ్చినవాళ్లలో హెచ్‌బిఎ1సి కూడా అసలు కంటే తక్కువ చూపించవచ్చు, అదొక్కదాన్నే నమ్ముకోలేం.

మందులు ఆ రెండు గొట్టాల దగ్గరే పనిచేస్తాయి

1993లో క్యాప్టోప్రిల్ అనే బీపీ మందు టైప్ 1 వాళ్లలో మరణం, డయాలసిస్, కిడ్నీ మార్పిడి కలిపి చూస్తే ఆ ముప్పును సగానికి తగ్గించింది. 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ టైప్ 2 వాళ్లలో మేలు చేస్తాయని తేలింది. ఇవి యాంజియోటెన్సిన్‌ను అడ్డుకుని బయటికి వెళ్లే గొట్టాన్ని వదులు చేస్తాయి. గుత్తి లోపలి ఒత్తిడి దిగుతుంది. ఈ రెండు రకాల మందుల్లో ఏదో ఒకటే వాడాలి. రెండూ కలిపితే పొటాషియం పెరిగి హాని జరుగుతుందని తర్వాతి అధ్యయనాల్లో తేలింది.

రెండో గొట్టం కోసం చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని తీశారు. 1886లో జర్మనీకి చెందిన ఫాన్ మేరింగ్ దాన్ని ఇస్తే మూత్రంలో చక్కెర పోతుందని చూపించాడు. అది ఎస్‌జీఎల్‌టీని ఆపుతోందని ఆనాడు ఎవరికీ తెలియదు. ఆ దారిలోనే ఇప్పటి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ వచ్చాయి. చక్కెరతోపాటు సోడియం కూడా కిందికి వెళ్తుంది, కాపలా కణాలకు నిజం తెలుస్తుంది, లోపలికి తెచ్చే గొట్టం మళ్లీ బిగుసుకుంటుంది. 2019లో కెనాగ్లిఫ్లోజిన్ కిడ్నీ విఫలమవడం లాంటి తీవ్ర పరిణామాల ముప్పును 30 శాతం తగ్గించింది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ లేని కిడ్నీ రోగులకూ మేలు చేసింది. షుగర్ మందుగా మొదలైనది రక్తనాళాల మందుగా నిలబడింది. ఆ తర్వాత ఫినెరెనోన్, 2024లో సెమాగ్లూటైడ్ కూడా ఈ వరసలో చేరాయి.

ఇక్కడే చాలామంది జారిపోతున్నారు. ఈ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. ‘మందు కిడ్నీని పాడుచేస్తోంది’ అని సొంతంగా ఆపేస్తారు. లోపలి ఒత్తిడి దిగితే వడపోత కాస్త తగ్గడం సహజమే, మందు పనిచేస్తోందనడానికి అదొక గుర్తు. యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందులతో క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగి నిలబడితే మామూలుగా కొనసాగిస్తారు. అంతకు మించితేనే కారణం వెతుకుతారు. ఒకటి రెండు వారాల నుంచి నెలలోపు క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూసుకోవాలి. ఆపాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి, నీళ్లు సరిగా దిగని రోజుల సంగతి వేరు. ఆ రోజుల్లో గ్లిఫ్లోజిన్లు (డాపాగ్లిఫ్లోజిన్ వరస మందులు), షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, ఈ బీపీ మాత్రలు తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఏవి ఆపాలో ముందే డాక్టర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోవడం మేలు. ఒంటి నొప్పులకు చీటీ లేకుండా కొనుక్కునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి లోపలికి తెచ్చే గొట్టాన్ని బిగిస్తాయి. బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడేవాళ్లు వీటిని కూడా కలిపితే కొన్ని రోజుల్లోనే కిడ్నీ కూలబడవచ్చు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, బీపీ 130/80 లోపు, పొగ పూర్తిగా మానడం, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్, ఇవి మీకు తెలిసినవే.

తెలిసినవే అయినా వాటి బలం తక్కువ కాదు. స్టెనో కేంద్రంలోనే, అల్బుమిన్ కొద్దిగా పోతున్న 160 మంది టైప్ 2 వాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, అలవాట్లు అన్నిటినీ ఒకేసారి పట్టుకుని దాదాపు ఎనిమిదేళ్లు వైద్యం చేశారు. గుండె, రక్తనాళాల ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయి. 21 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే ఆ జట్టువాళ్లు మధ్యస్థంగా 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. అందులో ఇప్పటి కొత్త మందులేవీ లేవు. వాళ్లను ఎంపిక చేయడానికి ఆధారమైంది మూత్రంలో కనిపించిన ఆ కొద్దిపాటి అల్బుమినే.

కాబట్టి ఈసారి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు క్రియాటినిన్‌తోపాటు ఈజీఎఫ్ఆర్ ముద్రించి ఇస్తున్నారో లేదో చూడండి. మూత్రం ఏసీఆర్ రాయమని డాక్టర్‌ను అడగండి. అంకె 30 దాటి మందు మొదలైతే, మూడు నుంచి ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. 300 దాటినవాళ్లలో అది కనీసం 30 శాతం దిగేలా చూడటం ఇప్పుడు డాక్టర్లు పెట్టుకుంటున్న లక్ష్యం. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉన్నా, ఏసీఆర్ ఎక్కుతూనే ఉన్నా కిడ్నీ నిపుణుడి దగ్గరికి వెళ్లడానికి ఇంకో రిపోర్టు కోసం ఆగకండి.